పాతర గాలి

"లెయ్యి నాయనా."

మౌలాలి లెయ్యలేదు.

తెల్లవారి నమాజుకు పోయి వచ్చినవాడు ఇంట్లోకి రాలేదు. బిల్డింగు వెనక కార్లు నిలిపే చోట, భూమిలో కట్టిన నీళ్ల ఖజాన్ మీది ఇనుప మూత మీద కూర్చున్నాడు. లుంగీ మోకాళ్ల మధ్య దోపుకుని, చేతికర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. సౌదీ దమ్మామ్ ఎండ గోడ దిగి ఆయన పాదాల దాకా వచ్చింది.

హబీబ్ గడ్డపార పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"పైన ఏ ఇంట్లో కొళాయి తిప్పినా కుళ్లు కంపు. జుమ్మా పూట నమాజు ముందర వజూకు నీళ్లు ల్యాక జనం నన్ను తిడతాండారు. పని ఇచ్చిన కఫీల్ మళ్లీ ఫోన్ చేసినాడు. ఈ పొద్దు ఖజాన్ కడగకుంటే ఇంగొకన్ని పెట్టుకుంటా అన్యాడు. ఉండే ఇల్లు ఆయనది, ఈ దేశంలో ఉండే ఇకామా కాగితం ఆయన చేతిలో ఉండాది. వింటాండావా?"

"వింటాండా."

"అయితే లెయ్యి."

"కడిగేవాళ్లను పిలిపించు."

"శుక్రవారం ఎవడొస్తాడు? ఎల్లుండి చూస్తామన్యారు."

"ఎల్లుండే కడగనీ."

హబీబ్ గడ్డపారను గోడకు విసిరేసినట్లు ఆనించాడు. ఆ చప్పుడుకు వెనక తలుపు దగ్గర అతని భార్య రహమత్బీ ఉలిక్కిపడింది. మామ ఉలిక్కిపడలేదు.

ఆ బిల్డింగులో మోటార్లూ పైపులూ చూసుకునేది హబీబే. అందుకే కింది అంతస్తులో రెండు గదులు ఇచ్చారు. ముసలాయన మక్కాలో ఉమ్రాకని విజిట్ వీసా మీద వచ్చి, కొడుకు మాట కాదనలేక ఆగిపోయాడు. వచ్చిన నాటి నుంచి ఇంట్లో పత్తికొండ పక్క కరువు సేద్యపు జాగ్రత్తలు మొదలయ్యాయి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయనియ్యడు. కందిపప్పు డబ్బాలో ఎండుమిరపకాయలు వేసి పెడతాడు. ఖాళీ అయిన నీళ్ల క్యాన్లన్నీ మళ్లీ నింపి మంచాల కింద, బీరువా మీద, బట్టల మిషన్ వెనక పేరుస్తాడు.

"ఇది ఎడారి అమ్మా," అనేవాడు. "కొళాయి తిప్పితే నీళ్లొస్తాండాయని నమ్మొద్దు."

పోయిన వారం కాలికి క్యాన్ తగిలి కిందపడ్డ కోపంలో, ఆయన మసీదుకు పోయిన సమయం చూసి రహమత్బీ సగం క్యాన్లు మోరీలో వంచేసింది. రెండు రోజులు తిరక్కముందే ఖజాన్ నీళ్లు కంపు కొట్టాయి.

ముసలాయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"మామా, టీ అన్నా తాగండి," అంది తలుపు దగ్గర నుంచే.

"ఎన్ని నీళ్లు పోస్తివి?"

"మీ ఒక్కరికే."

"మనవరాలికి ఉండాయా?"

"ఉండాయి."

ఆయన తల ఊపాడు. కప్పు అందుకున్నాడు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె మొహమంతా వెతికింది. అక్కడ ఏమీ దొరకలేదు.

రెండో అంతస్తు అఫ్షాన్ బకెట్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. హైదరాబాదు పిల్ల. క్లినిక్కులో నర్సు. శుక్రవారం ఆమెకు సెలవు.

"సలాం చాచా. ఖజాన్ మీద పామోలె కూసున్నరు. లోపల బంగారం దాచిన్రా ఏంది?"

మౌలాలి చిన్నగా నవ్వాడు. "రహమతా, ఆ పాపకు ఒక క్యాన్ ఇయ్యి."

"మనకే..."

"ఇయ్యి. మొహం కడుక్కున్న నీళ్లు పారబొయ్యొద్దు పాపా, బండలు తుడుచుకో."

"అరె, మా అమ్మ కూడా ఇంత పిసినారి కాదు చాచా!" అంటూ అఫ్షాన్ క్యాన్ బకెట్లో పెట్టుకుని నవ్వుతూ పైకి పోయింది.

ఆ నవ్వు మెట్ల మీద ఆగిపోయాక ముగ్గురూ మళ్లీ మూత దగ్గర మిగిలారు.

హబీబ్ తండ్రి ముందు గొంతుకూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"నాయనా. ఇది నీళ్ల తొట్టి. ఇది పాతర కాదు."

మౌలాలి చేతిలో కప్పు ఆగింది.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. రహమత్బీ కాపురానికి వచ్చి ఇన్నేళ్లయింది, ఒక్కసారి కూడా వినలేదు. పెద్ద కొడుకు వయసులోనే పోయాడని మాత్రం అత్త ఖాజాబీ చెప్పింది. ఎట్ల పోయాడంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి పోయింది.

"ఏం పాతర?" అంది రహమత్బీ.

హబీబ్ తండ్రి వైపు చూశాడు. ఆయన వద్దనలేదు. చెప్పమనీ అనలేదు.

"జొన్నలు పోసే పాతర. మా అన్న వాజిద్ దాంట్లోనే పోయినాడు," అన్నాడు హబీబ్. "భూమిలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి వేసి, జొన్నలు పోసి మట్టితో మూసేవాళ్లు. కరువొస్తే తీసేవాళ్లు. మూత తీసినాక ఒక పొద్దంతా వదిలెయ్యాల. లోపల చెడ్డగాలి ఉంటాది. దీపం దించి, అది ఆరిపోకుంటేనే మనిషి దిగాల. ఆ పొద్దు మబ్బు పట్టిందంట. వాన పడితే గింజ తడుస్తాదని అందరికీ తొందర. నాయన దీపం తెచ్చేదానికి ఇంటికి పోయినాడు. వచ్చేలోగా అన్న దిగినాడు."

"అప్పుడు?"

"పిలిస్తే పలకలేదు. వాని ఎనక మా చిన్నాయన దిగినాడు. ఆయనా పలకలేదు."

రహమత్బీ చెయ్యి దానంతట అదే మామ భుజం వైపు పోయి, ముట్టుకోకుండా ఆగింది. వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా ఆయన వెంటనే చెయ్యి పెట్టడు. వెనక్కి జరిగి, మొహం పక్కకు తిప్పుకుని కాసేపు నిలబడతాడు. 'ఏం మామా, డబ్బాలో దయ్యముందా?' అని ఆమె ఎన్నోసార్లు నవ్వింది. ఆయన ఎప్పుడూ నవ్వలేదు.

"దీపం చేతిలోనే ఉండె," అన్నాడు మౌలాలి. ఎవరితోనో కాదు, మూతతో అన్నట్లు అన్నాడు. "గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని తెస్తి."

గోడ అవతల రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు ఒకటి ఎవరి ఇంటికో పోతూ హారన్ కొట్టింది.

"నాయనా," అన్నాడు హబీబ్ చివరికి. "నువ్వు చెప్పినట్లే చేస్తా. మూత తీసి గాలి పోనిస్తా. దీపం దించుతా. నడుముకు మోకు కట్టుకుంటా. అంతా నీ కండ్ల ముందరే. దీపం ఆరిపోతే కఫీల్ కాదు గదా, వాళ్ల నాయన చెప్పినా దిగను. ఇంగేమి కావాల నీకు?"

ముసలాయన కొడుకు మొహం చాలాసేపు చూశాడు.

"దీపం నేనే పట్టుకుంటా."

"నువ్వే పట్టుకో."

మౌలాలి కర్ర ఊతంగా లేచాడు.

*

మూత లేపగానే కంపు మొహానికి కొట్టింది. టార్చి వేస్తే అడుగున మోకాలెత్తు నల్లనీళ్లు, మూలన ఉబ్బిన పావురం ఒకటి కనిపించాయి. మూత అంచు తుప్పు పట్టి విరిగిన చోట దూరి ఉంటుంది.

"పాపం, నీళ్లకని వచ్చింటాది," అంది రహమత్బీ ముక్కు మూసుకుని.

మౌలాలి ఎవరినీ దగ్గరికి రానియ్యలేదు. ఎండ నడినెత్తికి ఎక్కుతున్నా, హబీబ్ గడియారం చూసుకుంటూ పళ్లు కొరుకుతున్నా మెదలలేదు. కంపు కొంత పల్చబడ్డాక, ఖాళీ టమాటా డబ్బాలో కొవ్వొత్తి నిలబెట్టి, డబ్బాకు తీగె కట్టి, తీగెకు దారం కట్టి, ముట్టించి, మెల్లగా లోపలికి వదిలాడు.

దారం ఆయన వేళ్ల మధ్య కొంచెం కొంచెంగా జారింది. మంట ఒకసారి పక్కకు వంగింది. ఆయన దారం జారనియ్యకుండా పట్టుకున్నాడు.

మంట మళ్లీ లేచి నిటారుగా నిలబడింది. నీళ్ల మీదికి దిగినా అట్లనే నిలబడింది.

"ఇంగా ఉండనీ," అన్నాడు.

ఉండనిచ్చారు.

"ఇంగొంచెం."

"నాయనా, కొవ్వొత్తే అయిపోతాది."

ముసలాయన కండ్లు తుడుచుకున్నాడు. "దిగు," అన్నాడు.

హబీబ్ నడుముకు మోకు కట్టింది ఆయనే. రెండుసార్లు లాగి చూశాడు. రెండో కొస కార్ల షెడ్డు ఇనుప స్తంభానికి కట్టాడు. హబీబ్ గోడకున్న ఇనుప నిచ్చెన మెట్లు పట్టుకుని దిగాడు. పావురాన్ని సంచిలో వేసి పైకి పంపాడు. బాగానే ఉన్నాడు. కింద నుంచి కూనిరాగం కూడా తీశాడు.

"చూస్తివా నాయనా! నీళ్ల తొట్టి అంటే నీళ్ల తొట్టే!"

"నోరు మూసుకుని పని చెయ్యి," అన్నాడు మౌలాలి. ఆ తిట్టులో ఎన్నాళ్ల నుంచో లేని తేలిక ఉంది.

తంటా పంపు దగ్గర వచ్చింది. అడుగు నీళ్లూ బురదా తోడేదానికి హబీబ్ స్టోరు నుంచి పెట్రోలు పంపు తెచ్చిపెట్టుకున్నాడు. పైన పెట్టి ఎంత తిప్పినా ఇంజను అరుస్తుంది గానీ నీళ్లు అందుకోదు. పీల్చే పైపు పాతది, పగుళ్లు పట్టింది. బాగున్న ముక్క కొలిస్తే సగం లోతుకు కూడా రాదు. హబీబ్ పైకెక్కి వచ్చి పైపును కాలితో తన్నాడు.

"బకెట్లతో తోడాల్సిందే ఇంగ. అజాన్ లోపల అయ్యే పని కాదు."

మౌలాలి పైపు చేతిలోకి తీసుకుని చూశాడు. లోపలికి చూశాడు.

"ఇంజను నీళ్లకు దగ్గరుండాలరా," అన్నాడు. "మన బాయిలో ఎట్ల పెట్టుకుంటిమి? నీళ్లు కిందికి పోతే ఇంజను కూడా కిందికి దించి, గట్టు తొలిచి అరుగు మీద పెట్టుకోలేదా? పైన పెట్టుకుని ఎంత గుంజినా రావు నీళ్లు."

హబీబ్ మొహం వెలిగింది. "ఇది తట్టలేదు చూడు నాకు!"

పెయింటు డ్రమ్ము ఒకటి లోపలికి దించి బోర్లించారు. ఇంజనుకు మోకు వేసి ముగ్గురూ పట్టి దించి డ్రమ్ము మీద కూర్చోబెట్టారు. హబీబ్ దిగి ఆ మోకు విప్పి మళ్లీ నడుముకు కట్టుకున్నాడు. ఒక్క గుంజుకు ఇంజను అందుకుంది. బయటి పైపు నుంచి నల్లనీళ్లు మోరీలోకి దబదబ దూకాయి.

"ఎట్లుండాది?" అని అరిచాడు కింద నుంచి.

"దూకుతాండాయి!" అని చప్పట్లు కొట్టింది రహమత్బీ.

మౌలాలి మూత పక్కన కూర్చున్నాడు. కొత్త కొవ్వొత్తి ముట్టించి దించిన దీపం దారం వేలికి చుట్టుకున్నాడు. ఇంజను చప్పుడు వింటుంటే ఆయనకు మాటలు వచ్చాయి. బాయి సంగతి చెప్పాడు. కరువు సంవత్సరం ఇంజను దించుతూ దించుతూ బాయి అడుగుకే తీసుకుపోయిన సంగతి, వేరుశనగ విత్తనాల మూట ఇంట్లో ఉండగానే పస్తు పడుకున్న సంగతి చెప్పాడు.

"విత్తనాలు వండుకుంటే అయిపోయేది కదా మామా?" అంది రహమత్బీ.

"వండుకుంటే ఆ రాత్రికి అయిపోయేదే. మళ్లా ఏడు ఏం విత్తాల?" ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"మీ అత్త అడిగింది వండుదామని. కొట్టినంత పని చేస్తి," అని ఆగాడు. "కొట్టలేదులే."

ఆమె నవ్వింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, "మామా, ఆ క్యాన్లు నేనే..." అంది.

"తెలుసులే."

పెట్రోలు వాసన పైకి వచ్చింది. రహమత్బీ కండ్లు నులుముకుంది.

"పొగ వస్తాండాది మామా."

"ఇంజనన్నాక పొగ రాదా?"

"లోపల మనిషుండాడు కదా."

మౌలాలి వంగి చూశాడు. కింద నీలిపొగలో కొవ్వొత్తి మంట నిటారుగా, పచ్చగా వెలుగుతోంది.

"దీపం ఉండాది," అన్నాడు.

"నాయనా!" హబీబ్ గొంతు ఇంజను చప్పుడులోంచి వచ్చింది. "తల దిమ్ముగా ఉండాది. ఎండ పూట ఏమీ తినలేదు కదా."

"పైకి రా అబ్బా, టీ తాగి పోదువు!" అని అరిచింది రహమత్బీ.

"అయిపొచ్చినాది. ఇంత బురదే. వస్తాండా."

అంతలో అజాన్ వినిపించింది. బిల్డింగులోని మగవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు తుడుచుకుంటూ మసీదు దారి పట్టారు. ఒకాయన పోతూ పోతూ, "నమాజుకు రావా హబీబ్ భాయ్?" అని గొయ్యి వైపు కేకవేసి, జవాబు కోసం ఆగకుండానే పోయాడు.

రహమత్బీ లోపలికి తొంగి చూసింది. "ఏమబ్బా! అజాన్ అయింది!"

ఇంజను తప్ప ఏమీ వినిపించలేదు.

"మామా, పలకడం లేదు."

"చప్పుడులో వినపడదులే."

"మామా."

"దీపం ఉండాది కదా అమ్మా," అన్నాడు మౌలాలి. ఈసారి ఆ మాట ఆయన ఆమెతో అనలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. అఫ్షాన్ దుపట్టా ముక్కుకు పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"రహమత్ ఆపా, మా కిటికీల నుంచి పెట్రోలు పొగ కొడుతున్నది. ఏం చేస్తున్నరు ఇక్కడ?" వంగి చూసింది. వెంటనే వెనక్కి తూలింది. "ఇంజను లోపల పెట్టిన్రా? మనిషి లోపల ఉండంగ?"

"దీపం వెలుగుతాండాది పాపా," అన్నాడు మౌలాలి. దారం ఎత్తి చూపించాడు, సాక్ష్యం చూపించినట్లు.

"దీపం వెలుగుతది చాచా! ఆ పొగల దీపం ఆరదు. మనిషే పడిపోతడు!"

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. గొయ్యిలోకి చూశాడు. మంట అట్లనే నిలబడి ఉంది. ఆయన వేలి నుంచి దారం జారిపోయింది.

"ఇంజను ఆపండి!" అంటోంది అఫ్షాన్.

మౌలాలి నీళ్లు దూకుతున్న పైపును రెండు చేతులా వాటేసుకుని వెనక్కి పడినంత పని చేసి గుంజాడు. కింద డ్రమ్ము దొర్లింది. ఇంజను బురదనీళ్లలో పడి ఒకసారి దగ్గి ఆగిపోయింది.

పొగ మూత లేని గొయ్యి నిండా ఉంది.

"మోకు! మోకు గుంజండి!"

ముగ్గురూ పట్టుకున్నారు. మోకు బిగిసింది. రాలేదు. మళ్లీ గుంజారు. ఇనుము మూలిగిన చప్పుడయింది. అఫ్షాన్ ఫోను టార్చి వేసి పొగలోకి చూసింది.

"నిచ్చెనకు కట్టి ఉన్నది," అంది. "నడుముకు లేదు చాచా. నిచ్చెన మెట్టుకు కట్టిండు."

అడ్డం పడుతోందని విప్పి ఉంటాడు. పైన ఉన్నవాళ్లు కంగారుపడతారని చెప్పకుండా ఉంటాడు.

"ఎవ్వరూ దిగొద్దు. అల్లా కసమ్, ఎవ్వరూ దిగొద్దు. నేను ఫోను చేస్త, మసీదు నుంచి మనుషులను తెస్త," అంటూ అఫ్షాన్ ఫోను చెవికి పెట్టుకుని గేటు వైపు పరుగెత్తింది. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

రహమత్బీ కొంగు నడుముకు దోపింది. నిచ్చెన పై మెట్టు మీద కాలు పెట్టింది.

మౌలాలి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదలండి మామా. నాలుగు మెట్లు. అక్కడే ఉండాడు. కాలు కనపడతాండాది నాకు."

ఆయన వదలలేదు.

"వదులు!" ఆమె గిలగిల్లాడింది. గోళ్లతో రక్కింది. పళ్లతో ఆ చేతిని కొరికింది. ముసలి చర్మం కింద రక్తం ఉబికింది. "నా మొగుడు! వదులు, నీ కాళ్లు మొక్కుతా. పాపం నీకు తగులుతాది. నువ్వే దించితివి. ఇంజను నువ్వే దించమంటివి!"

"అవును," అన్నాడు మౌలాలి.

"నీ కొడుకు కాదా వాడు?"

"నా కొడుకే."

ఆయన కాలు అడ్డంపెట్టి, రెండో చెయ్యి కూడా వేసి, ఆమెను నిచ్చెన మీద నుంచి వెనక్కి ఈడ్చాడు. ఇద్దరూ ఎండకు కాలిన బండల మీద పడ్డారు. పడినా ఆ పట్టు సడలలేదు. ఆమె ఏడుపు ఒక్కసారిగా ఆగింది.

"ఉష్," అంది.

ఇద్దరూ గొయ్యి అంచుకు మొహాలు ఆనించి విన్నారు.

కింద నీళ్లు కదిలాయి. ఒకసారి. కాసేపటికి మరొకసారి.

అది మనిషి కదలికో, ఒరిగిన ఇంజను బురదలోకి దిగుతున్న చప్పుడో ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

"పలుకు," అంటోంది రహమత్బీ గొయ్యిలోకి, పిల్లను నిద్ర లేపే గొంతుతో. "పలుకబ్బా. ఊ అను చాలు."

గేటు అవతల మనుషులు పరుగెత్తి వస్తున్న అడుగులు వినిపించాయి. మౌలాలి ఆ వైపు చూడలేదు. కోడలి మణికట్టు మీద ఆయన వేళ్లు తెల్లగా బిగిసి ఉన్నాయి.